అద్దాల గదిలో స్టీలు క్యారేజీ

బుజ్జులూ, నువ్వు లేవని నీ ఫోనుకి ఇంకా తెలియదు. రోజూ పొద్దున్నే అలారం కొడుతుంది. దాన్ని ఆపడం నాకు చేతకాదు. నువ్వుంటే "అబ్బా అమ్మా, వేలితో పైకి తొయ్యి, అంతే" అని విసుక్కునేదానివి. ఇప్పుడు విసుక్కునే పని కూడా నాకే వదిలిపెట్టి పోయావు.

చదివేవాళ్ళకి సంగతి చెప్పాలి కదా. మా అమ్మాయి పోయిన నెలలో చనిపోయింది. కడుపులో జబ్బు. నొప్పి వచ్చినప్పుడల్లా ఓ బిళ్ళ మింగి తన పని తను చూసుకునేది. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. మేం ఉండేది సిడ్నీలో, స్కోఫీల్డ్స్‌లో. మా ఆయన పోయాక తెనాలి నుంచి నన్ను తెచ్చుకుని తన దగ్గరే పెట్టుకుంది. మన తెలుగు సంఘం పత్రికవాళ్ళు "అమ్మా, అమ్మాయి గురించి నాలుగు మంచిమాటలు రాయండి" అన్నారు. మంచిమాటలే రాద్దామని కూర్చున్నాను. కోపం ముందొస్తోంది.

శనివారం వస్తే అందరి పిల్లలూ తల్లుల్ని గుడికి తీసుకెళ్తారు, బీచికి తీసుకెళ్తారు. నా కూతురు పాత సినిమాహాళ్ళకి తీసుకెళ్ళేది. కొండలు దాటి, గొర్రెలు మేసే బయళ్ళు దాటి, ఎక్కడో ఒకే ఒక్క వీధి ఉన్న ఊరు. అందులో పావురాల కంపు కొట్టే ఓ హాలు. లోపలికి అడుగుపెట్టగానే తల పైకెత్తి నిలబడిపోయేది. "ముందు కప్పు మీద సున్నం పువ్వులు చూడాలమ్మా, తెర తర్వాత" అనేది. దాని మాట విని నాకు మెడ పట్టేసేది. ఇంటి గరాజులో కారుకి చోటు లేదు. విరిగిపోయిన హాలు కుర్చీలు తెచ్చి అక్కడ పేర్చింది. ఎర్ర రెక్సిన్ చిరిగి కొబ్బరిపీచు బయటికొచ్చిన కుర్చీలు. అది పోయాక కూడా అవి అక్కడే ఉన్నాయి. నేనేం చేసుకోను వాటిని?

అన్నిట్లోకీ ఒక్క హాలు మీద ప్రాణం పెట్టుకుంది. మాటల సినిమాలు రాకముందు కట్టిన హాలట. మొదట్లో అందులో డాన్సులూ మీటింగులూ జరిగేవట. తర్వాత బొమ్మలు ఆడాయి. ఇళ్ళల్లోకి టీవీలొచ్చాక జనం రాక మూసేశారు. కొన్నాళ్ళు ఉన్ని మూటలు దాచారు, కొన్నాళ్ళు ఫర్నిచర్ అమ్మారు. చివరికి ఆ ఊరివాళ్ళే ఓ కమిటీగా చేరి మళ్ళీ తెరిచారు. నెలకో శనివారం మధ్యాహ్నం సినిమా వేస్తారు. కమిటీకి పెద్ద ఒక తెల్లజుట్టు పెద్దాయన. టికెట్టు చింపేదీ ఆయనే, చిప్స్ అమ్మేదీ ఆయనే.

ఆ హాల్లో ఆఖరి వరస వెనకాల అద్దాల గది ఒకటుంది. చంటిపిల్లల తల్లుల కోసం కట్టారు. పిల్ల ఎంత గొంతు చించుకున్నా బయటికి వినపడదు. తల్లికి మాత్రం అద్దంలోంచి తెర కనపడుతుంది, గోడకున్న స్పీకరులోంచి మాటలు వినపడతాయి. ఆ గది కొట్టేసి కాఫీ కౌంటరు పెడదామని కమిటీ అంది. వీల్లేదని మా అమ్మాయి అడ్డం పడింది. ఇక చూసుకోండి, ఏడాది పొడుగునా మీటింగులే, ఫోన్లే.

"నీకెందుకే ఎవరి ఊళ్ళోదో గది? వాళ్ళు కాఫీ అమ్ముకుంటే నీ సొమ్మేం పోయింది?" అనేదాన్ని.

"గోడ పడగొట్టడానికి ఒక్క పూట చాలమ్మా. అక్కడ ఎవరు కూర్చునేవాళ్ళో ఆ తర్వాత ఎవరికీ తెలీదు."

"తెలిస్తే ఏం చేస్తారట?"

"అబ్బా, బాక్స్ పెట్టావా లేదా? మీటింగ్‌కి లేట్ అవుతోంది!"

పెట్టేదాన్ని. పప్పన్నం, బెండకాయ వేపుడు, పెరుగన్నం, స్టీలు క్యారేజీలో సర్ది చేతికిచ్చేదాన్ని. "తింటాలే అమ్మా" అనేది. సాయంత్రానికి వేపుడు మెత్తబడి, పెరుగు పులిసి, ఇచ్చింది ఇచ్చినట్టే తిరిగొచ్చేది. ఒక్కోసారి క్యారేజీ కూడా వచ్చేది కాదు. ఆ అద్దాల గదిలోనే మర్చిపోయి వచ్చేది.

ఒకసారి నన్నూ మీటింగుకి తీసుకెళ్ళింది. ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడి, మధ్యలో నన్ను చూపించింది. అందరూ నావైపు తిరిగారు. కారెక్కగానే అడిగాను.

"నన్ను చూపించి ఏం వాగావే? సిగ్గుతో చచ్చిపోయాను."

"నువ్వు సెకండాఫ్ చూడని సినిమాల గురించి చెప్పా."

అది నిజమే. ఇది చంటిపిల్లగా ఉన్నప్పుడు తెనాలిలో ఏ సినిమాకెళ్ళినా ఇంటర్వెల్ అవగానే రాగం ఎత్తుకునేది. "ఎవరమ్మా ఆ పిల్ల తల్లి, బయటికి తీసుకుపో!" అని బెంచీల్లోంచి కేకలు. పిల్లని భుజాన వేసుకుని వరండాలో సోడాబండి పక్కన నిలబడేదాన్ని. లోపల్నుంచి పాటలూ ఫైటింగులూ వినపడేవి. ఇంటికెళ్ళే దారిలో మా ఆయన మిగతా కథ చెప్పేవాడు, అదీ సగం తప్పులే. ఈ సంగతి చెప్పి చెప్పి దాన్ని ఎన్నేళ్ళు దెప్పానో.

"మా ఊరి హాల్లో ఇలాంటి గది ఉంటే మా అమ్మ లోపలే కూర్చునేది అన్నా. అంతే."

"అంతేనా! దానికోసం తిండి మానేసి తిరుగుతున్నావా? ఆ సినిమాలు చూడకపోతే నాకేం తక్కువైందే?"

నవ్వింది. కొండలు దిగేదాకా నవ్వుతూనే ఉంది.

అది పోయినప్పుడు ఆ పెద్దాయన వచ్చాడు, చేతిలో మా క్యారేజీ. శుభ్రంగా తోమి, తుడిచి తెచ్చాడు. గదిలో దొరికిందన్నాడు. గది సంగతి అడిగితే, కొట్టేయడానికి మనిషిని మాట్లాడామని తల దించుకునే చెప్పాడు.

మొన్న సినిమా ఉన్న శనివారం అదే క్యారేజీ సర్దుకుని రైలెక్కాను. వస్తున్నానని పక్కింటివాళ్ళచేత ఫోను చేయిస్తే, ఆ ఊరి స్టేషనుకి ఆయనే కారు తెచ్చాడు. నేరుగా అద్దాల గదిలోకి పోయి కూర్చున్నాను. ఆయన తలుపు దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"దిస్ రూమ్ నో బ్రేక్," అన్నాను. "ఐ సిట్. ఎవ్రీ పిక్చర్, ఐ సిట్. కాఫీ, దేర్!" అని టికెట్లిచ్చే మూల చూపించాను.

ఆయన తల గోక్కున్నాడు. "రైటో," అని వెళ్ళిపోయాడు.

ఇంటర్వెల్ ముందు ఓ తెల్లపిల్ల చంటివాణ్ణి ఎత్తుకుని గదిలోకొచ్చింది. వాడు ఒకటే ఏడుపు. ఆ పిల్ల మొహం చూస్తే పొద్దున్నుంచీ ఏమీ తిన్నట్టు లేదు. పిల్లాణ్ణి నేను అందుకుని క్యారేజీ దాని ఒళ్ళో పెట్టాను.

"ఈట్," అన్నాను.

"ఓ నో, ఐ కుడెంట్..."

"ఈట్!"

తింది. వేపుడు ఏంటని అడిగి మరీ తింది. పిల్లాడు నా భుజం మీద నిద్రపోయాడు. సెకండాఫ్ మొదలైంది. ఆ పిల్ల చెంచా నోటి దగ్గరే పట్టుకుని తెర చూస్తోంది. నాకు ఆ సినిమా ఒక్క ముక్క అర్థం కాలేదు. తల పైకెత్తి కప్పు చూస్తూ కూర్చున్నాను. సున్నంతో చేసిన పువ్వులున్నాయి, మా అమ్మాయి చెప్పినట్టే.

తిరిగి స్టేషనుకి దింపుతూ పెద్దాయన ఏదో చాలాసేపు చెప్పాడు. నాకు అర్థమైంది ఒకటే. గది కొట్టేవాణ్ణి రావద్దన్నాడు, కాఫీ టికెట్ల మూలలో పెడతారు.

రైల్లో క్యారేజీ ఒళ్ళో పెట్టుకున్నాను. తేలిగ్గా ఉంది. గిన్నెలన్నీ ఖాళీ.

మీరు ఎంత పనిలో ఉన్నా సరే, వేళకి కడుపునిండా అన్నం తినండి.