మా మరిది వెనక్కి తీసుకున్న మాట

మంగళవారం తెల్లవారుజామున మా మరిది పోయాడు. ఆ కబురు మన తెలుగు సంఘం వాట్సాప్‌లో పెట్టినవారు, ఆయన కప్పు టీ తాగేలోపు ఏ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు సత్తా అయినా తేల్చేసేవారని రాశారు. పోవడం నిజం. రెండోది తప్పు. దిద్దడానికి అతను లేడు కనుక ఆ పని వదినగా నా మీద పడింది.

రైల్వే కంప్యూటర్ విభాగంలో రిటైరయ్యాక ఇక్కడి ప్రేమ్ బజార్‌లోని దుకాణాలకు బిల్లుల ప్రోగ్రాం రాసిచ్చి, దాని మంచీచెడ్డా తనే చూసుకునేవాడు. సాయంత్రమైతే తాల్‌బగీచాలోని మా ఇంటి వరండాకు ఎవరో ఒకరు ఇంజనీరు కొడుకునో, కాబోయే అల్లుడినో తెచ్చి కూర్చోబెట్టేవారు. మా మరిది టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ క్రికెట్ నుంచి ఉల్లిపాయల దాకా మాట్లాడేవాడు. వాళ్లు గేటు దాటగానే రైల్వే డాక్టరులా ఫిట్ అనో అన్‌ఫిట్ అనో అనేవాడు. ఆఫీసులో తప్పంతా పక్కవాడిదే అన్నవాడు అన్‌ఫిట్. వినడానికి సరదాగానే ఉండేది. టీపొడి మాత్రం నాది.

మా వెనక వీధి అమ్మాయీ ఇంజనీరే. ఒక పెళ్లి భోజనాల్లో మా మరిది ఆమె పని గురించి అడిగితే, "ఏదో సేస్తన్నాను తాతా" అని వంకాయ కూర మళ్లీ వేయించుకుంది. అన్‌ఫిట్ అన్నాడు. విస్తళ్లు ఎత్తేలోపే ఆ మాట బజారుకు చేరింది. తరవాత అతనికి చూపు మందగించాక, ఆ పిల్ల బిల్లుల పని తాను చూస్తానని వస్తే ఒక్క దుకాణమూ ఒప్పుకోలేదు. తల దించుకుని సైకిలెక్కి వెళ్లిపోయింది.

నేను ఊరుకోలేదు. "నాను ఈ ఇంటికొచ్చిన కొత్తలో ఏడాది పాటు నువ్వు నా ముందు నోరిప్పలేదు. నీకేటి ముద్రెయ్యాల?"

"మూగోడనుకున్నావేటి, వదినా?"

"అంత గొప్పగా అనుకోలేదు."

పొలమారేదాకా నవ్వాడు. మర్నాడు ఆ పిల్లను పిలిచి, ప్రోగ్రాంలో తనకే కొరుకుడుపడని చిక్కు ఒకటి ముందు పెట్టాడు. మాట్లాడకుండా ఉండలేని మనిషి మధ్యాహ్నమంతా పక్కన కూర్చుని కిక్కురుమనలేదు. ఆమె ఆ చిక్కు విప్పి వెళ్లాక ఫిట్ అని కూడా అనలేదు.

"నాను ఇన్నాళ్లూ మాటకి మార్కులేసినాను, వదినా. పని ఇయాళే సూసినాను. దుకాణాలన్నీ ఈ పిల్లకే అప్పజెప్తాను. అన్‌ఫిట్టన్నోణ్ణి నానే గదా, నానే ఎళ్లి సెప్తాను."

ఆ వయసులో అన్నమాట వెనక్కి తీసుకున్న మగవాణ్ణి మా అత్తవారింట్లో ఇతన్నొక్కణ్ణే చూశాను. బజారుకు వెళ్లడానికి చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. అది ఇంకా మేకుకే ఉంది.

బజారులో దుకాణాలున్నవారికి ఒక చిన్న పని. సోమవారం పొద్దున్న బిల్లుల పనికి ఆ అమ్మాయి వస్తుంది. కంప్యూటరు ముందున్న కుర్చీ మీద బస్తాలు తీసేసి, తుడిచి ఉంచండి. ఫ్యాను ఆమె వైపు తిప్పండి. పని అయ్యేదాకా పలకరించకండి.