మెట్ల మీద అరగంట

మాట్లాడటమే కోడలి ఉద్యోగం. నీళ్ల సరఫరా ఆఫీసులో ఫిర్యాదులు వినే ఫోను దగ్గర కూర్చుంటుంది. నీళ్లు రాలేదని ఒకరు, వచ్చాయి గానీ బురదగా వచ్చాయని ఇంకొకరు, నీళ్ల సంగతి అలా ఉంచి ఇవాళ ఎవరో ఒకరితో పోట్లాడకపోతే తోచదని మరొకరు. అందరికీ ఒకే గొంతుతో "మీ ఇబ్బంది నాకు అర్థమైందండీ" అంటుంది. పైపు బాగు చేయించాల్సింది పక్క గదివాళ్లు, తిట్లు తినాల్సింది ఈ గదివాళ్లు. పని అలా పంచుకున్నారు.

ఇంటికొస్తే అత్తగారు. పొద్దున్నుంచీ ఒక్కతే ఉంటుంది కాబట్టి కబుర్లన్నీ పోగేసి ఉంచుతుంది. కోడలు తలుపు తట్టడం ఆలస్యం, కట్ట తెగినట్టే. ఎదురింటివాళ్లు కొన్న పరుపు, పైయింటివాళ్లు కొనలేకపోయిన పరుపు, అన్నీ వినాలి. చెడ్డమనిషైతే కోడలు హాయిగా తిట్టుకునేది. కాదే, అదే వచ్చిన చిక్కు.

అందుకని ఆఫీసుకీ ఇంటికీ మధ్య కోడలు ఒక అరగంట దాచుకుంది. రెండో అంతస్తుకి ఎక్కే ముందు మెట్ల మలుపులో, ఎవరిదో గాలి పోయిన సైకిలు పక్కన, చెప్పులు విప్పి కూర్చునేది. సంచిలోంచి అరచేతిలో పట్టే పాత గేమ్ మిషన్ తీసేది. దాని మూత విరిగితే టేపు అంటించింది. అందులో ఒక చెరువు, ఒక గట్టు, ఒక గాలం. చేప పడితే పడుతుంది, లేకపోతే లేదు. ఎవరూ ఏమీ అడగరు. తర్వాత పైకెళ్లి "బస్సు ఆలస్యమైంది అత్తయ్యా" అనేది. ఆ బస్సు పాపం ఏనాడూ ఆలస్యం కాలేదు.

ఒకనాడు ఆడపడుచు పుట్టింటికి వస్తూ మెట్ల దగ్గర ఆమెని చూసేసింది.

"అయ్యో వదినా! ఒక్కదానివే ఆడుకుంటున్నావా?"

ఆ గొంతులో జాలి విని కోడలు గబుక్కున మిషన్ సంచిలో పడేసింది. ఆడపడుచుకి కోపమొస్తే ఎవరైనా ఆపగలరు, జాలేస్తే ఆపడం ఎవరి తరమూ కాదు. వారం తిరక్కుండా అన్నాచెల్లెళ్లు కలిసి కొత్త మిషన్ తెచ్చారు. పాతదాన్ని పారేయబోతే అత్తగారు "ఉండనీ, తిండి అడుగుతుందా ఏం" అని లాక్కుని సొరుగులో పెట్టింది.

కొత్తదాంట్లోనూ చెరువుంది. కాకపోతే దానికి ఫ్రెండ్స్ అని ఒకటి తగిలించారు. కోడలు మిషన్ తెరిచిందంటే చాలు, మీ వదిన చెరువు దగ్గరుందని ఆడపడుచు ఫోను మోగుతుంది, మీ ఆవిడ చెరువు దగ్గరుందని భర్త ఫోను మోగుతుంది. ఆడపడుచు బొమ్మ వచ్చి గట్టు మీద ఊయల కట్టింది. భర్త కళ్లజోళ్ల కొట్లో బేరాల్లేనప్పుడల్లా వచ్చి "ఏంచేస్తున్నావ్?" అని రాసేవాడు. చేతిలో గాలం కనపడుతూనే ఉంది కదా! ఆడపడుచు వాళ్ల అత్తగారు కూడా వచ్చింది. వచ్చినావిడని పలకరించలేదని, కూర్చోమనలేదని మాట ఇంటిదాకా పాకింది. చేపలకోసం తవ్విన చెరువులో వియ్యాలవారి మర్యాదలేమిటో! కోడలు గాలం పక్కన పడేసి బల్లలు వేయడం మొదలుపెట్టింది.

కొన్నాళ్లకి మిషన్ తెరవడం మానేసింది. మెట్ల దగ్గర ఆగడమూ మానేసింది. ఖాళీ చేతులతో అక్కడ కూర్చుంటే ఏడుపొస్తోంది.

"ఈమధ్య బస్సు తొందరగా వస్తోందే!" అంది అత్తగారు.

ఆ తర్వాత ఒకరోజు ఆఫీసులో ఎవరో పెద్దాయన తన వీధి నీళ్ల గోడు మొత్తం చెప్పుకున్నాడు. కోడలు ఎప్పటి గొంతుతోనే, "మీ ఇబ్బంది నాకు అనవసరమండీ" అంది. ఆయన "చాలా సంతోషం తల్లీ" అని పెట్టేశాడు. తర్వాత మోగిన ఫోను కోడలు ఎత్తలేదు. తనేమన్నా ఒకటేనన్నమాట. ఇన్నేళ్లూ అక్కడ ఒక గొంతు కూర్చుని ఉందంతే. చెరువు దగ్గర కూర్చున్నదొక్కటే తాను. అదీ పోయింది.

ఆ సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పుతూ భోరుమంది.

"అత్తయ్యా, మీరందరూ నాకు కావాలి. కానీ రోజుకో అరగంట ఎవరూ వద్దు. ఎవ్వరూ!"

పరుపుల సంగతి చెప్పబోతున్న అత్తగారు నోరు మూసుకుంది. అదే ఒక వింత. లోపలికెళ్లి, టేపు వేసిన పాత మిషన్ తెచ్చి కోడలి ఒళ్లో పెట్టింది.

"బస్సు మన కిటికీ కిందే ఆగుతుంది కదమ్మాయ్. నువ్వు దిగడం రోజూ చూస్తూనే ఉన్నాను."

కోడలు తలెత్తి చూసింది. "మరి... ఎప్పుడూ అడగలేదేం అత్తయ్యా?"

"నేను కోడలిగా వచ్చిన ఇంటికి మెట్లు లేవు. కొంప మొత్తం ఒక్కటే గది. ఉంటే నేనూ కూర్చునేదాన్ని." కొంగుతో కోడలి మొహం తుడిచింది. "ఇప్పుడేమో రోజంతా ఒక్కదాన్నే. గోడలతో ఎంతసేపని మాట్లాడను? ఆ కొత్తది ఇలా ఇయ్యి. ఊళ్లోవాళ్లంతా వస్తారటగా అందులోకి?"

మర్నాటి నుంచి కోడలు మళ్లీ మెట్ల దగ్గర ఆగింది. అదే వేళకి పైన అత్తగారు కోడలి పేరుతోనే చెరువు తెరిచేది. పేరు మారిస్తే, వదిన మళ్లీ ఒంటరిదైందని కూతురు జాలిపడుతుందని ఆవిడ భయం.

పదిరోజులకి ఆడపడుచు ఫోను చేసింది.

"వదినా, ఎంత బాగా కలిసిపోయావో! మా అత్తగారికి నిన్న భలే గడ్డి పెట్టావు, ఆవిడ ఊయల దిగి వెళ్లిపోయింది. కానీ ఒకటి చెప్పనా? నీకు అచ్చం మా అమ్మ నోరొచ్చేసింది."

"ఆవిడ దగ్గరే కదా ఉంటున్నాను" అంది కోడలు.

ఆ సాయంత్రం గాలానికి పెద్ద చేప పడింది. ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. పైనుంచి తలుపు సందులోంచి అత్తగారి నవ్వు వినపడుతోంది. కోడలు తీరిగ్గా చెప్పులేసుకుని పైకెళ్లి తలుపు తట్టింది.

"బస్సు ఆలస్యమైందా?" అంది అత్తగారు, చేతిలో మిషన్ నుంచి తలెత్తకుండానే.

"అయిందత్తయ్యా."

"రేపూ అవుతుందిలే."