వాగు పొంటి పొలి

జర ఇటు దగ్గరికి జరిగి కూసోండ్రి. ఆ చాట పక్కకు వెట్టండ్రి, పప్పు ఆనక ఏరుకుందాం. నిలవడి వింటె సగం ముచ్చట కాళ్ళ గుంజుడుకే పోతది. కూసున్నోళ్ళకే నేను మొత్తం చెప్త.

మా ఊరు మెట్‌పల్లికి ఎడంగ, వాగు ఒడ్డున ఉంటది. గా వాగు పోయి గోదావరిల కలుస్తది. గోదావరికి ఇటు మేము, అటు ఆదిలాబాద్ జిల్లా. నా పెద్దబిడ్డ పెండ్లి జేసిన రోజులు, ఎనభైల నడుమ అనుకోండ్రి. అంతకుముందు రెండుమూడేండ్ల సంది వానకు తన కాలం యాదిలేదు. మిరుగం కార్తె వస్తదని దుక్కి దున్ని, విత్తనం చేతుల వట్టుకొని మొగులు దిక్కు చూసేటోళ్ళం. మిరుగం పోయేది, ఆరుద్ర పోయేది, మొగులు రాగి చెంబు తీర్గ మెరుసుకుంట ఉండేది. బావులల్ల బొక్కెన అడుగుకు తాకి సప్పుడు జేసేది. బర్రెలు దొడ్లె నిలవడి గోడ నాకేటియి. ఇప్పుడు నా మనుమరాండ్లు దీన్ని వాతావరణం మారుడు అంటరు, టీవీల చెప్తరట. మాకప్పుడు గా పేరు తెల్వది. వాన అలిగింది అనుకున్నం.

అలిగిన వాన ఒక్కపాలి వచ్చింది. కాలమంత కురవాల్సింది ఒక్క తీర్గ కురిసింది. గోదావరి ఎదురుతన్నింది. మా వాగు పొంగి పొలాల మీద ఇసుక మేటలు వేసింది. అంతేగాదు, తన తోవ గూడ మార్చుకున్నది. పాత తోవ ఇసుకతోని పూడిపోయింది. ఒక మెరక ఉండె, దాని అవతలికెల్లి కొత్త తోవ తవ్వుకొని పోయింది. అందరం చూసినం, అయ్యో అన్నం, మళ్ళ ఇసుక ఎత్తిపోసుకునే పనిల వడ్డం. మా నోట్ల మాత్రం ‘వాగు అవతల’ అంటే పాత తోవ అవతలనే. మాట అంత జల్ది మారదు గదా.

మాకు ఇండ్లన్న మిగిలినయి. గోదావరి ఆ ఒడ్డున ఒక చిన్న పల్లెకు అవి గూడ మిగలలే. నీళ్ళు తీసినంక గా పల్లెకెల్లి ఆరేడు కుటుంబాలు మా దిక్కు వచ్చినయి. ఇసురురాయి, మంచం కోళ్ళు, ఒక మేక, తడిసిన బొంతలు. ఎవలను అడుగకుంట వాగు అవతలి మెరక మీద తుమ్మకొమ్మలు నాటి, పాత చీరెలు కప్పి కూసున్నరు. వాళ్ళ మాటల మరాఠి కలిసేది. పోరగాండ్లు నన్ను ‘మావశి’ అని పిలిచిండ్రు. అంటే చిన్నమ్మ అన్నట్టు. గా ఒక్క పిలుపుతోనే నేను వాళ్ళకు దొరికిపోయిన.

మా అత్త ఇంట్లకెల్లి జొన్నలు కొలిచి పంపింది. మా ఇంటాయన పశువుల కొట్టం సగం ఖాళీ జేసి బాలెంతలను పండుకోవెట్టిండు. కానీ కొట్టం ఎన్నొద్దులు? వాళ్ళకు కావాల్సింది ఒక ఇంటి జాగ, ఇంత దున్నుకునే భూమి. అందుకోసం నేను ఎంత తిరిగిన్నో ఇప్పటికీ మోకాళ్ళు చెప్తయి. కొండగట్టు దిక్కు మా తల్లిగారి ఊరు. అక్కడికి పోయి అడిగితే, తాగ నీళ్ళు మాకే లేవక్కా, కొత్తోళ్ళను ఏం తెస్తవు అన్నరు మా తమ్ముండ్లు. ఇంకో ఊరోళ్ళు కూలికైతే రమ్మనుండ్రి, జాగ మాత్రం అడగద్దు అన్నరు. గా మాట నేను వచ్చి వాళ్ళల్ల పెద్దదైన ముసలమ్మకు చెప్పిన. ఆమె జొన్నరొట్టె తడుతుండె. చెయ్యి ఆపలే.

“కూలికి యాడనన్న బతుకుతం బిడ్డా,” అన్నది. “సచ్చినంక బొందవెట్టే జాగ గూడ మందిదేనా?”



వాళ్ళు కూసున్న మెరక సర్కారుది. భూముల లెక్క రాసే గిర్దావర్‌ను బతిమిలాడి తోలుకొస్తే, ఆయన చుట్టూ చూసి, రాసియ్యడానికి నాకేం అడ్డం లేదు, కానీ వీళ్ళు మా ఊరోళ్ళే అని మీ ఊరు నా ముంగట చెప్పాలె, మిరుగం ముంగట మళ్ళ వస్త అని పోయిండు. ఊరు అంటే మా పటేలే. ఆయన మాట దాటేటోళ్ళు లేరు. ఆయన చెడ్డోడు అని నేను అనను. ఆయన లెక్క ఆయనది. గా మెరక మీద గడ్డి మా ఊరి పశువులకు మిగిలిన ఒక్క మేత. అది గూడ ఇచ్చేస్తే ఎట్ల అన్నడు. మా అత్త ఆయనకు వరుసకు అక్క. నేను కొంగు కప్పుకొని వాకిట్ల ఊడ్సుకుంట వింటున్న, ఆమె నిలదీసింది.

“తమ్మీ, నీ ఎడ్లకు గడ్డి తక్కువయితదని మనుషులను ఎల్లగొడ్తవా?”

“ఎడ్లు సస్తే మనుషులు బతుకుతరా అక్కా?”

“నువ్వు సర్పంచికి నిలవడ్డప్పుడు ఓటు మేమేసినం. నీ ఎడ్లు వేసినయా?”

ఆయన నవ్విండు గానీ మెత్తవడలే.

గదే ఎండకాలంల ఊరోళ్ళు బొడ్రాయి తిరిగి నిలవెట్టాలె అనుకున్నరు. బొడ్రాయి అంటే ఊరికి బొడ్డు. ఊరు పుట్టిననాడు నడిమిట్ల పాతిన రాయి. వరదకు అది ఒక పక్కకు ఒరిగింది. వానలు తప్పుడు, పశువులు పడుడు, అన్నీ దానివల్లనే అన్నరు పెద్దలు. నిలవెట్టేముంగట తెల్లారుగట్ల ఊరి పొలిమేర చుట్టూ పొలి చల్లాలె. పొలి అంటే పసుపు, బలి రక్తం కలిపిన బువ్వ. ఊరి దేవతలకు కొలుపు చేసే బైండ్లాయన గంప నెత్తిన వెట్టుకొని ముంగట ఉరుకుతడు, మొగోళ్ళు ఎనుక ఉరుకుతరు. ఎనుకకు తిరిగి చూడద్దు, ఆగద్దు, ‘పొలీ’ అన్న మాట తప్ప ఇంకో మాట మాట్లాడద్దు. ఆడోళ్ళం తలుపులు వేసుకొని ఇండ్లల్లనే ఉండాలె. పొలి గీత లోపట ఉన్నోళ్ళంతా ఊరోళ్ళు. వాళ్ళ మంచి చెడ్డ ఊరిది. బయట ఉన్నోళ్ళు బయటోళ్ళే.

పటేలు మెరక మీదికి పోయి చెప్పిండు. పండుగనాడు మీరు వాగు దాటి ఊళ్ళెకు రావద్దు, పండుగయినంక మిరుగం లోపట మీ తోవ మీరు చూసుకోండ్రి అన్నడు. ఆయన పోయినంక ముసలమ్మ నాతోని అన్నది, వాళ్ళ ఊళ్ళె బొడ్రాయి మీద మొదటి బిందె తనే పోసేదట. ఇప్పుడు గా రాయి ఇసుక కింద ఏ దిక్కు మొఖం వెట్టి పండుకున్నదో అని.

గప్పటికెల్లి నాకు కూసుంటె నిలవడ బుద్ధయ్యేది, నిలవడితే నడవ బుద్ధయ్యేది. పొయ్యి మీద పాలు పొంగి పోయేటియి. వాకిట్లకు పోయి వాగు దిక్కు చూసుకుంట ఉంటుంటి. అట్ల చూస్తుంటనే ఒకనాడు మనసుల తట్టింది. పొలి చల్లేటప్పుడు బైండ్లాయన ఆ దిక్కు వాగునే గుర్తు వెట్టుకుంటడు. నీళ్ళు ఎడమచేతికి ఉండాలె, ఊరు కుడిచేతికి ఉండాలె. తాతల కాలం సంది గదే పద్ధతి. మరి ఇప్పుడు వాగేది? పూడిపోయిన ఇసుకనా, మెరక అవతల పారేదా? ఇసుక పొంటి తిరిగితే గా ఆరేడు గుడిసెలు బయట వడ్తయి. నీళ్ళ పొంటి పోతే లోపటికి వస్తయి.

ఉరికి మా అత్తకు చెప్పిన. మీ కొడుకుకు చెప్పుదామా, బైండ్లాయనకు చెప్పుదామా అన్న. ఆమె నూలు వడుకుడు ఆపి నా మొఖం చూసింది.

“ఎవలకు చెప్పకు. చెప్తే అది నీ మాటయితది, నీ మాటకు ఎదురుమాట పుడ్తది. వాళ్ళ కాళ్ళనే పోనీయి.”

ఆమె మాట నిజమే. కానీ గా మాటను కడుపుల వెట్టుకొని తిరుగుడు ఎంత కష్టమో నాకే ఎరుక. ఒక గడియ నీళ్ళ పొంటే పోతరు అనిపించేది, ఒక గడియ పోరు అనిపించేది. ఒకపాలి ఇసుకల తిరిగి పొలి చల్లిండ్రంటే ఇక గిర్దావర్ కాదు, ఆయన పైవాడు వచ్చినా ఊరు మాట మార్చదు.

పండుగ ముంగటి రోజు మాపటీలి ఒక జల్లు వడ్డది. ఎండకు కాలిన మట్టి వాసన లేచింది. అందరు సంబురపడ్డరు. నేను చెవులు నిక్కవొడుసుకొని వింటున్న. మెరక అవతలికెల్లి సన్నగ నీళ్ళ సప్పుడు.

తెల్లారుగట్ల మొగోళ్ళు పోయిండ్రు. మేము దీపం పెట్టకుంట తలుపు గొళ్ళెం వెట్టుకొని కూసున్నం. అత్త గోడకు ఒరిగి కండ్లు మూసుకున్నది. నేను తలుపు సందుకు చెవి వెట్టిన. ‘పొలీ’ అని ముంగట ఒక్క గొంతు, ‘పొలీ’ అని ఎనుక పది గొంతులు. సప్పుడు మామిడితోట మీదికెల్లి వచ్చింది, చింతచెట్ల కాడ తిరిగింది, ఇసుక దిక్కు పోయింది. గక్కడ గొంతులు ఒక్కపాలి తగ్గినట్టయింది. ఇసుకల కాళ్ళు దిగవడుతున్నయి గావచ్చు. మళ్ళ లేచింది సప్పుడు. దగ్గరికి రాలే. దూరం పోయింది. ఇంకింత దూరం పోయింది. మెరక అవతల నీళ్ళల్ల కాళ్ళు వడ్డట్టు తపతప ఇనవడ్డది.

అత్త కండ్లు తెరవకుంటనే అన్నది, “పాలు కాగవెట్టు పో. ఇయ్యాలన్న పొంగియ్యకు.”

మా ఇంటాయన వచ్చి గడప మీద కూసున్నడు. మోకాళ్ళ దాక తడి. జరిగింది ఆయన నోటనే విన్నం. మబ్బు చీకట్ల బైండ్లాయనకు ఇసుక, చెలక ఒక్కతీర్గనే కనవడ్డయట. నీళ్ళ సప్పుడు విని, నీళ్ళను ఎడమచేతికి చేసుకొని పోయిండట. జర వెలుగు వచ్చేసరికి పటేలు కుడిచేతి దిక్కు చూస్తే గుడిసెలు కనవడ్డయట. గుడిసె ముంగట ముసలమ్మ నిలవడి ఉన్నదట. ఆగరాదు, మాట్లాడరాదు. పటేలు ఆమె దిక్కు చూసుకుంటనే ‘పొలీ’ అని ఉరికిండట.

పొద్దు పొడిసినంక బొడ్రాయి కాడ లొల్లి అయ్యింది. తప్పు గీత వడ్డది, మళ్ళ చల్లుదాం అన్నడొకడు. భూమి మీద వడ్డ పొలిని తిరిగి గంపల ఎట్ల ఎత్తుకోను అన్నడు బైండ్లాయన. అందరు పటేలు దిక్కు చూసిండ్రు. ఆయన తన బురద కాళ్ళు చూపెట్టిండు.

“వాగు ఎటు పోయిందో మనకు సోయి లేదు, వాగుకు మాత్రం ఉంది,” అన్నడు. “లోపట వడ్డోళ్ళు మనోళ్ళే. మెరక సగం వాళ్ళకు, సగం మేతకు. గిర్దావర్ వస్తే నేనే చెప్త. గా ముసలామెను బిందె తీసుకొని రమ్మనుండ్రి.”

బొడ్రాయి నిలవెట్టిన నాడు ఇంటికొక్క బిందె నీళ్ళు పొయ్యాలె గదా. ముసలమ్మకు బిందె యాడిది, గోదావరి తీసుకపాయె. మా ఇంట్లకెల్లి మట్టికడువ ఇచ్చిన. నెత్తిన వెట్టుకొని, ఎనుక తన మందిని వెట్టుకొని వచ్చింది. పటేలు జరిగి తోవిచ్చిండు గానీ నోరు ఊకుంటదా.

“ఏమ్మా, నిండనే తెచ్చినవా?”

“నిండనే తెచ్చిన పటేలా. సగం తెస్తే సగం ఊరే ఇస్తవని.”

ఆడోళ్ళం కొంగులు నోట్ల కుక్కుకొని నవ్వినం. ఆమె మాత్రం నవ్వలే. రాయి మీద నీళ్ళు పోసుకుంట ఏదో మరాఠిల అన్నది. నాకు తెలియలే, అడుగలే గూడ.

మిరుగం ముంగటనే గిర్దావర్ వచ్చిండు, పటేలు తానే మెరక మీద నిలవడి చెప్పిండు. గుడిసెలు ఎత్తుమీదికి జరిపినం. ముసలమ్మ సచ్చినంక గా మెరక మీదనే తన చెలకల పండుకున్నది, మంది జాగల కాదు. ఆమె మనుమల పిల్లలు గూడ నన్ను మావశి అనే అంటరు. ఇప్పటికీ మొగులు నల్లవడితే నాకు ఇంట్ల నిలువబుద్ధి కాదు. వాకిట్లకు పోయి చెవి వెడ్త, వాగు ఏ దిక్కుకెల్లి సప్పుడు చేస్తున్నదా అని. దాని మీద నాకు నమ్మకం లేదు. ఒకపాలి మంచి చేసిందని మళ్ళ చేస్తదా?

సరే, ఇక లేవండ్రి, పప్పు ఏరుకోండ్రి. మీ వాకిట్లకు వాన దాని కాలానికి అది రావాలె. మీ గడప ఏనాడు నీళ్ళల్ల మునగద్దు, మీ కుండ ఏనాడు ఎండద్దు. మీ ఇంటి బిందెకు ఏ ఊళ్ళెనన్న తోవ ఇచ్చేటోళ్ళు ఉండాలె. సల్లగుండండ్రి బిడ్డా, మీరు, మీ ఇంటిల్లిపాది.