చెలిమె మీది బూడిద

నా చిన్నప్పుడు, మాది ఇంకా హైదరాబాద్ రాష్ట్రంగా ఉన్న రోజుల్లో, శ్రావణ మాసంలో ఒక శుక్రవారం ఉదయం ఎనిమిది గంటలకు, మా చిన్నమ్మతో కలిసి మోదుగాకుల కోసం ఊరి వెనుక గుట్ట ఎక్కాను. మాది ఆదిలాబాద్ జిల్లాలో అడవి అంచున ఉన్న చిన్న ఊరు.

ఎక్కిన ఆయాసంతో నేను ముందుగా గుట్ట మీది చెలిమె అనే చిన్న నీటిగుంట దగ్గరకు పరుగెత్తి, దోసిలితో కడుపునిండా నీళ్లు తాగాను. తాగిన తరువాతనే నీటి అంచున బూడిద చల్లినట్టు ఉండడం గమనించాను. ఆ బూడిద కదిలింది. ఒక్కొక్క నలుసూ చిటుక్కున ఎగిరి మరొకచోట పడుతోంది.

నేను గబుక్కున వెనక్కి జరిగాను. అంతకు ముందు ఏడాది మేము బాపు అని పిలిచే మా నాన్నకు నారికురుపు లేచింది. పాదంలోంచి తెల్లని దారం వంటి పురుగు బయటికి వస్తే, దానిని పుల్లకు చుట్టి రోజూ కొంచెం కొంచెంగా లాగేవారు. మగ్గం తొక్కవలసిన మనిషి మంచం దిగలేకపోయాడు. పురుగుల నీళ్లు తాగితే ఆ జబ్బు వస్తుందని, ఏడాదికి గాని బయటపడదని పెద్దలు అనుకోగా విన్నాను. నా కాలు కూడా అలాగే పగులుతుందని తోచి, కళ్లు గట్టిగా మూసుకుని ఏడ్చాను.

“ఏమైందే? తేలు గిట్ల కుట్టిందా?” అంటూ చిన్నమ్మ ఉరికివచ్చింది.

“పురుగుల నీళ్లు తాగిన చిన్నమ్మా. నాకు గూడ బాపు లెక్క నారు లేస్తది.”

ఆమె నవ్వలేదు. నా పక్కన కూర్చుంది. “ముందుగాల కండ్లు తెరువు. ఒకదాన్ని వేలుతోని నీళ్లల్ల ముంచు.”

భయంభయంగానే ముంచాను. వేలు తీయగానే అది పైకి తేలి, తడి అంటకుండా నా గోటి మీదికి దూకింది. కెవ్వుమన్నాను. మరొకదానిని ముంచమంది. అదీ తేలింది.

“నీళ్లల్లకే దిగ చేతగానిది, నీ కాలు లోపటికి ఎట్ల దిగుతదే పిచ్చిదానా? మీ బాపు తాగింది అందరు కాళ్లు ముంచే దిగుడుబాయి నీళ్లు. గిది రాతిల నుంచి ఊరే ఊట.”

“మరి నేను మింగినయి?”

“అవా? అవి నీకు బువ్వయినయి.”

అయినా నా భయం తీరలేదు. మరుసటి శ్రావణం దాకా రోజూ పాదాలు తడుముకుంటూనే ఉన్నాను. ఏ కురుపూ లేవలేదు.

కళాశాలలో జంతుశాస్త్రం చదివినప్పుడు ఆ నలుసు పేరు స్ప్రింగ్‌టెయిల్ అని తెలిసింది. అడవిలో కుళ్లిన ఆకుల నడుమ బతుకుతుందట. పొట్ట కింద మడిచి ఉంచుకున్న తోకను విదిల్చి ఎగురుతుందట. సూక్ష్మదర్శినిలో దానిని చూడగానే భయంతో తల వెనక్కి తీసుకుని, మళ్లీ వంగి చూశాను.

నేను ధైర్యవంతురాలిని కాలేదు. కానీ ఆ ఉదయం తరువాత, భయం వేసినప్పుడు కళ్లు మూసుకోవడం మానేశాను.