వెర్నన్‌కి ముందు ఏం కనిపించింది

"...నా డబ్బు పెట్టి నేను కొనుక్కుంటానంటే కూడా ఇవ్వవా?"

"ఇవ్వను. అది హారం కాదే లోర్నా. పొగమంచు పట్టినప్పుడు పడవలకి దారి చూపించడానికి రేవులో వేలాడదీసే దీపం."

"మరి మన కొట్లో ఎందుకుంది పెద్దమ్మా?"

"దారి తప్పి వచ్చింది. టొరంటోవాళ్ళు స్కార్ఫుల పెట్టెలో పొరపాటున పడేసి పంపారు. తిప్పి పంపేదాకా ఆ సొరుగులో ఉండనిస్తున్నాను. అంతే. అమ్మకానికి కాదు."

లోర్నా ఎర్రరాళ్ళ హారాన్ని గాజుబల్ల మీద పెట్టి చేతులు కట్టుకుంది. ఒక్కో రాయి కోడిగుడ్డులో సగం ఉంది. ఇన్నేళ్ళుగా పెద్దమ్మ కొట్లో పనిచేస్తూ, కొనడానికి వచ్చిన ఆడవాళ్ళందరికీ సర్దిచెప్పిన మనిషి ఆమె. ఇవాళ మొదటిసారి బల్లకి అవతలి వైపు నిలబడింది. అక్కణ్ణుంచి చూస్తే పెద్దమ్మ ఇంకా మొండిగా కనిపిస్తోంది.

ఆ రేవు ఊళ్ళో, లూనెన్‌బర్గ్‌లో, లోర్నా పెద్దమ్మ మ్యూరియల్ హిమ్మెల్‌మన్ గురించి తెలియనివాళ్ళు లేరు. సరుకు కొనడానికి వచ్చినవాళ్ళకి పరీక్ష పెట్టే కొట్టు ఆ చుట్టుపక్కల ఆమెదొక్కటే. ఆమె అమ్మేవి స్కార్ఫులు, గ్లౌజులు, ముత్యాల దుద్దులు, సన్నటి బెల్టులు, తోలు హ్యాండ్‌బ్యాగులు. రంగులు బూడిద, నలుపు, ముదురు నీలం, గోధుమ. అంతకు మించిన రంగు ఎవరైనా అడిగితే, "పక్క వీధిలో పెయింట్ల కొట్టుంది" అనేది.

పరీక్ష ఇదీ. నచ్చిన వస్తువు ధరించాలి. వీధి దాటి ఎదురుగా ఉన్న వెర్నన్ నికిల్ బేకరీకి వెళ్ళాలి. మ్యూరియల్ కోసం ఒక రొట్టె తేవాలి. ఈలోగా మ్యూరియల్ వెర్నన్‌కి ఫోన్ చేస్తుంది. ఆ మనిషి గుమ్మంలో అడుగు పెట్టగానే నీకు ముందు ఏం కనిపించిందని అడుగుతుంది. మనిషి కనిపిస్తే వస్తువు అమ్ముతుంది. వస్తువు కనిపిస్తే అమ్మదు.

"మనం పెట్టుకున్నది మనతో రావాలి. మనకన్నా ముందు పరిగెత్తకూడదు" అనేది మ్యూరియల్.

వెర్నన్‌ని ఈ పదవికి ఎందుకు ఎంచుకుందో ఊళ్ళో ఎవరికీ అర్థం కాలేదు. అతనికి గోధుమపిండి తప్ప వేరే లోకం తెలియదు. చొక్కా తిరగేసి తొడుక్కున్న సంగతి సాయంత్రానికి గానీ గమనించడు. "అందుకే" అంది మ్యూరియల్. "వాడి కంట్లో కూడా పడిందంటే, అది గుడ్డివాడి కంట్లో కూడా పడుతుంది."

ఒకసారి పంటి డాక్టరుగారి భార్య చెవులకి రంగురంగుల చిలకలు వేలాడేసుకుని పక్క ఊరి నుంచి వచ్చింది. వాటికి జోడీగా స్కార్ఫు కావాలంది. పరీక్షకి వెళ్ళింది. వెర్నన్ తీర్పు క్లుప్తంగా వచ్చింది: "రెండు చిలకలు వచ్చాయి మ్యూరియల్. మధ్యలో ఒకావిణ్ణి కూడా తీసుకొచ్చాయి."

ఇంకోసారి టూరిస్టు బస్సు దిగిన ఒకావిడ బంగారు గొలుసు బెల్టు పట్టుకుని, "ఇది కొట్టా, కోర్టా?" అని కేకలేసింది. "కోర్టే. న్యాయమూర్తి ఎదురుగా రొట్టెలు కాలుస్తున్నాడు, వెళ్ళు" అంది మ్యూరియల్. ఆవిడ వెళ్ళింది. అరగంటకి తిరిగొచ్చి బెల్టు బల్ల మీద పెట్టి, బూడిదరంగు ఉన్ని స్కార్ఫు కొనుక్కుని, మ్యూరియల్‌ని కావలించుకుని మరీ వెళ్ళింది. బస్సు ఆవిడ కోసం హారన్ కొడుతూనే ఉంది.

పాస్టరుగారి భార్య మాత్రం మొదటిసారే గట్టెక్కింది. ముదురు నీలం సిల్కు స్కార్ఫు కట్టుకుని వెళితే వెర్నన్ ఫోన్లో తెల్లబోయి చెప్పాడు: "ఆవిడ కళ్ళు నీలం మ్యూరియల్! పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ నా దగ్గరే రొట్టె కొంటోంది. నాకు ఇవాళే తెలిసింది."

లోర్నాకి ఈ వ్యవహారమంతా నవ్వులాటగానే ఉండేది. ఒక్క సంగతి మాత్రం అంతుబట్టేది కాదు. ఒక రొట్టె తేవడానికి అరగంట ఎందుకు పడుతుంది? వెళ్ళినవాళ్ళందరూ మూతి పక్కన బిస్కట్ పొడుంతో ఎందుకు తిరిగొస్తారు? పైగా పెద్దమ్మ ఫోన్ చేసేటప్పుడు గోడవైపు తిరిగి, రిసీవరుకి అరచెయ్యి అడ్డం పెట్టుకునేది. పరీక్ష పేపరు బయటపడకుండా కాబోలనుకునేది లోర్నా.

మ్యూరియల్ సొంత అలంకారం మారగా ఎవరూ చూడలేదు. బూడిదరంగు స్వెట్టరు, శనగగింజంత ముత్యాల దుద్దులు, సన్నటి తోలుపట్టీ ఉన్న చేతిగడియారం. గడియారం ఎప్పుడో ఆగిపోయింది. "టైము తెలియకపోతే దాన్ని పెట్టుకోవడం దేనికి?" అని లోర్నా అడిగితే, "చేతికి బావుంది. టైముకి వెర్నన్ ఉన్నాడుగా" అంది.

అలాంటి పెద్దమ్మ దగ్గర ఎర్రరాళ్ళ హారం అడగడమంటే తగువుకి ముహూర్తం పెట్టుకోవడమే. తెలిసే అడిగింది లోర్నా.

శనివారం ఆమె కొడుకు వేడ్ కొత్త చేపల పడవ నీళ్ళలోకి దిగుతోంది. పడవకి తల్లి పేరే పెట్టాడు. ఎవరి పేరు పెట్టారో ఆవిడే వేదిక ఎక్కి, పడవ ముక్కుకి సీసా కొట్టి పగలగొట్టాలి. ఊరంతా రేవులో చేరుతుంది. చేరేవాళ్ళలో లోర్నా మాజీ మొగుడు డేల్ కూడా ఉంటాడు. అతని పక్కన బ్రిడ్జ్‌వాటర్ నుంచి తెచ్చుకున్న కొత్త పెళ్ళాం ఉంటుంది. విడిపోయాక వాళ్ళిద్దరూ, లోర్నా ఒకే చోట కనబడటం ఇదే మొదటిసారి. సీసా పగిలిందా లేదా అన్నది ఎవరికి కావాలి? లోర్నా మొహం ఎలా ఉందో చూడాలి అందరికీ. తను వేదిక దాకా వెళ్ళగలుగుతుందో లేదో లోర్నాకే నమ్మకం లేదు.

"సరే, పరీక్షే పెట్టు" అంది లోర్నా. హారం మెడలో వేసుకుంది. "అందరికీ ఒక న్యాయం, నాకో న్యాయమా?"

మ్యూరియల్ ఫోన్ దగ్గరికి జరిగింది. "వెళ్ళు. గింజల రొట్టె తే."

లోర్నా వీధి దాటి బేకరీ తలుపు తోసింది. వెర్నన్ రెండు చేతులూ మోచేతుల దాకా పిండిలో పెట్టి ఉన్నాడు. తలెత్తి చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అయ్యబాబోయ్! ఫైరింజనొచ్చిందనుకున్నాను!"

"సంతోషించాంలే. గింజల రొట్టె ఒకటి ఇవ్వు."

"కూర్చో."

"కూర్చోను. నేనేం కస్టమర్ని కాదు."

"ఆ మెళ్ళోది చూస్తే కస్టమర్‌వే. కూర్చో తల్లీ, టీ కేటిల్లోనే ఉంది. ఆ పళ్ళెంలో అల్లం బిస్కట్లున్నాయి, అందుకో."

కిటికీ పక్కన చిన్న బల్ల, రెండు కుర్చీలు. ఆ బల్ల మీద పళ్ళెం ముందే పెట్టి ఉందన్న సంగతి లోర్నా అప్పుడే గమనించింది. కూర్చుంది. బిస్కట్ కొరికింది. గోడకున్న ఫోన్ మోగింది. వెర్నన్ పిండిచేతులు చూపించాడు. కొట్లో అలవాటు కొద్దీ లోర్నా లేచి రిసీవరు చెవిన పెట్టుకుంది. పలకబోయేలోపే అవతలి గొంతు మొదలెట్టేసింది.

"కూర్చుందా? ఏమైనా తిందా? పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు వెర్నన్, అది. శనివారం మాట ఎత్తిందా? నా దగ్గర నోరు విప్పదు, మొండిఘటం. నువ్వు ఊరికే వింటూ కూర్చో, సలహాలివ్వకు. నీ సలహాలు నాకు తెలుసు. తినేదాకా మాత్రం పంపకు."

"తింటున్నాను పెద్దమ్మా" అంది లోర్నా.



"ఫోన్ వెర్నన్‌కివ్వు" అంది మ్యూరియల్. మళ్ళీ తనే, "వద్దులే. టైమెంతయిందో కనుక్కుందామని చేశాను" అని పెట్టేసింది.

వెర్నన్ చేతులు దులుపుకుని ఎదురుగా కూర్చున్నాడు. కుర్చీ నిండా పిండి రాలింది.

"ఎప్పుడూ ఇదే అడుగుతుందా?" అంది లోర్నా.

"ముందు ఇదే. ఏం కనిపించిందన్నది ఆఖర్న అడుగుతుంది, గుర్తుంటే. చిలకలావిడ లేదూ? నువ్వు కూర్చున్న కుర్చీలోనే కూర్చుని ఎంతసేపు ఏడ్చిందో! కుక్క పోయిందట పాపం. పెంపుడు కుక్క పోతే, మనిషి పోయినట్టు నల్లబట్టలు కట్టుకుంటే ఊరు నవ్వుతుంది కదా, దుఃఖం కనబడకుండా చిలకలు పెట్టుకుంది. బస్సావిణ్ణి మాట్లాడనిచ్చాను, అంతే, పళ్ళెం ఖాళీ చేసింది. మీ పెద్దమ్మ లెక్క ఏమిటంటే, తళతళలాడేది కావాలన్నవాళ్ళకి ముందు టీ కావాలి."

లోర్నా రెండో బిస్కట్ తీసుకుంది. తర్వాత చెప్పింది. డేల్ గురించీ, వేదిక గురించీ, ఊళ్ళోవాళ్ళ కళ్ళ గురించీ. వెర్నన్ సలహా ఇవ్వబోయి, ఫోన్ వైపు చూసి, నోరు మూసుకున్నాడు.

ఆమె రొట్టె పట్టుకుని తిరిగొచ్చేసరికి మ్యూరియల్ మడతపెట్టి ఉన్న స్కార్ఫులనే మళ్ళీ మడతపెడుతోంది.

"మూతి పక్కన పొడుం" అంది తలెత్తకుండా.

"తెలుసు."

"ముందు ఏం కనిపించిందట?"

"ఫైరింజను."

"చెప్పానా!" మ్యూరియల్ వచ్చి లోర్నా మెడ వెనక కొక్కెం తీసింది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. హారం బల్ల మీద పెట్టి, ముదురు నీలం స్కార్ఫు ఒకటి తీసి, లోర్నా కోటు మెడ కింద ఒక్క ముడి వేసింది. చివరలు లోపలికి దోపింది. "రేవులో గాలికి ఎగరదు. సీసా కొట్టేటప్పుడు చేతికి అడ్డం రాదు. చూసుకో."

లోర్నా అద్దంలో చూసుకుంది. మొహమే కనిపించింది, దాన్ని దాచేదేదీ లేకుండా.

"బావుంది పెద్దమ్మా. అదే కదా భయం. అందరూ నన్నే చూస్తారు."

మ్యూరియల్ బల్ల మీదున్న ఎర్రరాళ్ళని చాలాసేపు చూసింది. తర్వాత వాటిని రెండు వేళ్ళతో, తోక పట్టుకుని ఎలకని ఎత్తినట్టు ఎత్తి, తన బూడిదరంగు స్వెట్టరు మీద వేసుకుంది. అద్దంలో ఒక్కసారి చూసుకుని, వేపాకు నమిలినదానిలా మొహం పెట్టింది. ఫోన్ అందుకుంది. ఈసారి గోడవైపు తిరగలేదు. అరచెయ్యి అడ్డం పెట్టలేదు.

"వెర్నన్, శనివారం నేను కొట్టు మూసేస్తున్నాను. ఆ ఎర్రది నా మెళ్ళో వేసుకుని, వేదిక పక్కనే, డేల్‌కి ఎదురుగా నిలబడుతున్నాను."