బొచ్చె కాదన్న ఆనందమ్మ

తలకాయ పెద్దగా ఉంటే అది బొచ్చె చేపే అనుకునేవాళ్లలో మా మేనేజరు శ్యాంసుందర్‌రావు మొదటివాడు. పుస్తకంలో బొమ్మ చూసి నేర్చుకున్నాడు పాపం. లక్సెట్టిపేట దగ్గర ఆ ప్రైవేటు చేపపిల్లల కేంద్రంలో నేను పంపు నడిపేవాణ్ణి. ఆనందమ్మ తల్లిచేపలను ఏరే కూలీ. ఛాతీలోతు నీళ్లలో దిగి, వలలో పడ్డ చేప మూతిని బొటనవేలితో ఒక్కసారి తడిమేది. పెదవి నున్నగా తగిలితే బొచ్చె. అంచున కుచ్చులా తగిలితే రవ్వ. కళ్లతో పనే లేదు.

1986 వానకాలం మొదట్లో వలలో నాలుగు పెద్ద చేపలు పడ్డాయి. ఒక్కోటి నాలుగైదు కిలోలుంటుంది. రావుగారి ముఖం వెలిగిపోయింది. ఆనందమ్మ మాత్రం తడిమి పక్కకు నెట్టింది.

"గివి బొచ్చెలు గావు సార్. తలకాయ బొచ్చెది, మూతి రవ్వది. సంకరం."

అంతకు నాలుగేళ్ల కింద రెండు జాతులనూ ఒకే తొట్టిలో గుడ్లు పెట్టనిచ్చిన ఘనత రావుగారిదే. ఆ కలయికలో పుట్టినవే ఇవి. ఇలాంటివాటి పిల్లలు ఒకటి పెరిగితే పది గిడసబారిపోతాయి. ఆనందమ్మ సొంతూరి చెరువులో ఒక ఏడు అదే జరిగింది. చేపలు పట్టేవాళ్లు వలలు మూలకు పడేసి కూలికి పోయారు.

"నాలుగు చేపలతోని నీకేం పోయిందే? బొచ్చెలే అను. గుడ్లు పెట్టేటందుకు సూదులేద్దాం," అన్నాడు రావుగారు. ఆనందమ్మ చెయ్యిని నమ్మి చేపపిల్లల బేరానికి వచ్చిన చేపల సంఘం పెద్ద లచ్చయ్య గట్టు మీదే కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"నేననను."

"అయితే రేపట్నుంచి పనికి రాకు."

అది చిన్న మాట కాదు. మంచం పట్టిన భర్త అహరోను, ఇద్దరు పిల్లలు ఆమె కూలి మీదే బతుకుతున్నారు. ఒప్పుకో తల్లీ అని లోపలే దండం పెట్టుకున్నాను. పిరికి సలహాలు నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి.

ఆమె ఒక చేపను రెండు చేతులా పొదివి పట్టుకుని గట్టు దగ్గరికి వచ్చింది.

"లచ్చన్నా, బీడీ పారెయ్. దీని మూతిల ఏలు వెట్టు."

లచ్చయ్య చేపలు పట్టీ పట్టీ ముసలివాడైన మనిషి. ఒక్కసారి తడిమాడు. రావుగారి వంక చూడనైనా చూడకుండా కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. ఆనందమ్మ కూడా చేపను వదిలి, చీర పిండుకుని, తలెత్తుకుని పోయింది. రావుగారు వెనక నుంచి అరిచిన మాటలు రాయడం నాకిష్టం లేదు. పట్టిన పంతానికి ఆయన ఆ నాలుగింటికీ సూదులు వేయించాడు కూడా.

ఆ ఏడంతా ఆమె మిరప చేలల్లో ఎండకు మాడింది. మాకేమో సంఘాలన్నీ ఒకటే కబురు పెట్టాయి: ఆనందమ్మ చెయ్యి పడని పిల్లలు మాకొద్దు. మరుసటి వానకాలం మొదటి విడత పిల్లలు తొట్లలో కిటకిటలాడుతున్నా కొనే నాథుడు లేడు. చివరికి రావుగారు నన్నే ఆమె ఇంటికి పంపాడు.

"వస్త గని, నేను గాదంటే గాదే. గా ముచ్చట సారే అందరి ముంగట చెప్పాలె," అంది.

చెప్పాడు. మింగలేక కక్కలేక, లచ్చయ్య ముందరే చెప్పాడు. రెండో విడతకు ఆమె కొంగు దోపుకుని నీళ్లలో దిగింది. మొదట చేతికందిన చేప బాగా బలిసింది, తలకాయ ఇంత. రావుగారు ఆశగా వంగి చూశాడు.

"బొచ్చెనే గదా, ఆనందమ్మా?"

ఆమె బొటనవేలు పెట్టి, తీసి, ఆయన కళ్లలోకి చూసింది.

"గాదు. కూరకు పంపుండ్రి."