మామయ్య తలలో కాయకోత

మా మామయ్య వినుకొండ దగ్గర తన మిరప చేలో నిలబడి దగ్గితే పొదిలిలో ఎద్దులు తాళ్లు తెంపుకునేవి. అలాంటి మనిషికి రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మెదడులో గడ్డ లేచింది. చెడ్డ రకం, ఆపరేషన్ చేయాల్సిందేనన్నారు గుంటూరు ఆసుపత్రిలో. ఆయన ససేమిరా అన్నాడు.

"కోయడానికి ఇదేమన్నా పుచ్చకాయా? రోగాన్ని తరిమే కాపలా కణాలు ఒంట్లోనే ఉంటాయని రేడియోలో చెప్పారు. అవే చూసుకుంటాయి" అని మంచం మీద బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు. అత్తయ్య ఏడుపుకి వార్డు నేలను ఆయా రెండుసార్లు తుడవాల్సొచ్చింది.

డాక్టరుకి భూదేవంత ఓపిక. "పెద్దాయనా, ఆ కణాలు వస్తూనే ఉన్నాయి. కానీ వాటిని పిలిచేది ఆ గడ్డే. ఏవో రసాయనాలు వదిలి రప్పించుకుని, మచ్చిక చేసి, తన పనికే పెట్టుకుంటుంది. వాటి సాయంతోనే పెరుగుతుంది" అన్నాడు.

మామయ్య మొహం వెలిగిపోయింది. కాయకోతల్లో ఆయన చేసేదీ అదే మరి! పక్క రైతు మాట్లాడుకున్న కూలీల ట్రాక్టరును తెల్లారేసరికి రోడ్డు మలుపులో ఆపి, పొగలు కక్కే ఇడ్లీలు చూపించి, తన చేలో దింపుకునేవాడు. ఆ వాసనకి ఎక్స్‌ప్రెస్ బస్సులు కూడా ఆగేవి.

"ఓర్నీ! నా వాళ్లని ఈ గడ్డగాడు తన చేలో దింపుకుంటున్నాడా? పనిమంతుడే! మరి ఆ మలుపు దగ్గరే అడ్డుకోలేరా డాక్టరుగారూ?"

"ఆ పిలుపు అందకుండా చేసే మందుల కోసమే పరిశోధిస్తున్నారండి. ఇంకా ఎలుకల మీదే చూస్తున్నారు."

"ఎలుకకిచ్చి నాకివ్వరా? ఎలుక కన్నా తీసిపోయానా?"

"ఎలుకలు ఇంత వాదించవండీ" అంది అత్తయ్య, ముక్కు చీదుతూ.

మామయ్య మీసం దువ్వుకుంటూ అన్నాడు: "ముప్పయ్యేళ్లుగా నన్నెవడూ ఆపలేకపోయాడు. తెగులొచ్చి చేను పీకేసిన ఏడాది మాత్రం ఏ కూలీనీ పిలవలేదు. చేనే లేకపోతే ఎవర్ని పిలుస్తాం, ఎక్కడ దింపుతాం? ఏమేవ్, ఏడుపాపు. పీకించేద్దాం."

"మొత్తం రాకపోవచ్చు, పెద్దాయనా. వేర్లు మిగులుతాయి. వాటిని మాడ్చడానికి తర్వాత కరెంటు, అదే రేడియేషన్, పెట్టాలి" అన్నాడు డాక్టరు, దాచకుండా.

"వచ్చినకాడికి పీకండి" అని మామయ్య ఆపరేషన్ ఒప్పుకోలు కాగితం లాక్కున్నాడు. ఆయన సంతకానికి ఆ పేజీ చాలక వెనకవైపుకి తిప్పాల్సొచ్చింది.

మర్నాడు గుండు గీయడానికి వచ్చినతనికి తల అప్పగించి, రెండు చేతులతో మీసం కప్పుకుని, "ఒరేయ్, దీని జోలికొచ్చావంటే మాత్రం లేచి ఇంటికెళ్లిపోతా" అన్నాడు.